దశాబ్దపు మేటి ఆల్బమ్: లెక్క ఎలా కట్టారు?

(ఒక పట్టణ గ్రంథాలయంలో సంగీతాభిమానుల ఆదివారం సమావేశంలో విశ్రాంత గణిత అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవారికి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి నాయనా, దాని శ్రుతి నా శ్రుతి కలవడం లేదు.

ముందు మీ చేతుల్లో ఉన్న చీటీల సంగతి. లోపలికి వస్తున్నప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక తెల్లకాగితం ఇచ్చాం. దాని మీద ఇప్పుడే ఏమీ రాయకండి, చివర్లో పని ఉంది. మొదటి వరుసలో మా బావగారు అప్పుడే రాసేసి మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన పరీక్షల్లో కూడా అంతే, ప్రశ్నపత్రం ఇవ్వకముందే జవాబు మొదలుపెట్టే రకం. (నవ్వులు)

ఒక పొడుపుకథ చెబుతాను. పుట్టింది 1979 డిసెంబరు 14న. ఎనభైల దశాబ్దంలోకెల్లా మేటి అనిపించుకుంది. ఏమిటది?

'లండన్ కాలింగ్'. ది క్లాష్ అనే ఇంగ్లండు బృందం చేసిన జంట ఎల్పీ, అంటే రెండు పెద్ద రికార్డుల ఆల్బమ్. బ్రిటన్‌లో డిసెంబరు మధ్యలో వచ్చింది, అమెరికా దుకాణాలకు 1980 జనవరిలో చేరింది. 1989 నవంబరులో అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ ఎనభైల వంద మేటి ఆల్బమ్‌ల పట్టిక వేసినప్పుడు మొదటి స్థానం దీనికిచ్చింది. రెండోది ప్రిన్స్ 'పర్పుల్ రెయిన్'. ప్రపంచమంతా ఊగిపోయిన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ఏడోది. ఇక అభిమానులు ఊరుకుంటారా? పుట్టిన తేదీ చూస్తే డెబ్భైలది, పట్టం కట్టింది ఎనభైలకు. పత్రికవారు తమ దేశపు క్యాలెండరు చూసుకున్నారు. లండన్ కుర్రవాడికి ఆ క్యాలెండరుతో ఏం పని? వాడు అప్పటికే క్రిస్మస్ సెలవుల్లో ఆ రికార్డు అరిగిపోయేలా విన్నాడు.

ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోకండి. మన ఇంట్లోనే అచ్చంగా ఇలాంటిది ఒకటుంది. 'శంకరాభరణం' ఏ దశాబ్దానిది?

(సభలో: ఎనభై! డెబ్భై తొమ్మిది!)

చూశారా. ఇద్దరూ ఒప్పే. సినిమా థియేటర్లలో పడింది 1980 ఫిబ్రవరి 2న. కానీ జాతీయ అవార్డులకు లెక్క సెన్సారు సర్టిఫికెట్ తేదీతో. కాబట్టి 1979 సినిమాలకు ఇచ్చే 27వ జాతీయ పురస్కారాల్లో కె.వి. మహదేవన్ ఉత్తమ సంగీత దర్శకుడు, బాలు ఉత్తమ గాయకుడు, వాణీ జయరాం ఉత్తమ గాయని. ప్రభుత్వ దస్త్రంలో డెబ్భైలది, టిక్కెట్టు కొన్నవాడి జ్ఞాపకంలో ఎనభైలది. రేపు ఎవరైనా ఎనభైల తెలుగు మేటి ఆల్బమ్‌ల పట్టిక వేస్తే దీన్ని కలపాలా వద్దా? కలిపితే మొదటి స్థానం గురించి పెద్దగా చర్చే ఉండకపోవచ్చు. తీసేస్తే ఇళయరాజా అభిమానులకు పండగ. అంటే సంగీతం గురించి ఒక్క మాట మాట్లాడకముందే, ఒక తేదీ దగ్గరే సగం పట్టిక తేలిపోతుంది.

డిసెంబరులో పుట్టడం సంగీతానికి అచ్చి రాదు. చాలా పత్రికలు వార్షిక జాబితాలకు ఓట్లు నవంబరులోనే పోగు చేసుకుంటాయి. 2013లో అమెరికా గాయని బియాన్సే ముందస్తు ప్రకటన లేకుండా డిసెంబరు 13న ఆల్బమ్ వదిలారు. మరుసటి ఏడాది గాయకుడు డి'ఏంజెలో 'బ్లాక్ మెసయా' డిసెంబరు 15న వచ్చింది. చాలా పత్రికల జాబితాలు అప్పటికే బయటికి వచ్చేశాయి. బస్సు కదిలాక పరుగెత్తుకొచ్చిన ప్రయాణికుడి పరిస్థితి. దశాబ్దపు జాబితాల్లోనూ ఇదే తొందర. దశాబ్దం ఇంకా పూర్తి కాకుండానే ఆఖరి ఏటి శరదృతువుకల్లా పట్టికలు సిద్ధం. ఆఖరి రెండు మూడు నెలల్లో వచ్చిన పాటలు ఏ దశాబ్దానికీ చెందని పిల్లలైపోతాయి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి సుద్దముక్క లేకుండా మాట్లాడలేను. ఆ నల్లబల్ల ఇటు జరపండి.

న్యూయార్క్‌లో విలేజ్ వాయిస్ అనే వారపత్రిక ఉండేది. అందులో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు 1971లో ఒక ఓటింగ్ మొదలుపెట్టారు. 1974 నుంచి అది ఏటా జరిగే తంతు అయింది. పేరు 'పాజ్ అండ్ జాప్'. జాజ్, పాప్ అనే మాటల మొదటి అక్షరాలు తారుమారు చేసి పెట్టిన పేరు. దేశం నలుమూలల విమర్శకులకు ఓటు పత్రం వెళ్లేది. దాని నిబంధన నాకు ప్రాణం. ఒక్కొక్కరు పది ఆల్బమ్‌లు ఎంచుకోవాలి. చేతిలో వంద పాయింట్లుంటాయి. ఆ వందా పదింటికీ పంచాలి. ఏ ఒక్కదానికీ 30కి మించకూడదు, 5కి తగ్గకూడదు.

చిన్న లెక్క వేయండి. మీకు ప్రాణమైన రెండు ఆల్బమ్‌లకు చెరి ముప్పై ఇచ్చారు. మిగిలింది నలభై, ఆల్బమ్‌లు ఎనిమిది. తలా అయిదు. అంతే, చేతులు దులుపుకోవాలి. ఎక్కువ ప్రేమిస్తే మిగతావాటికి కోత పడుతుంది. అందరినీ సమానంగా చూడాలంటే తలా పది. కొడుకులకు పొలం పంచే తండ్రికి ఈ సంకటం తెలుసు.

ఇప్పుడు బల్ల మీద చూడండి. పదిమంది ఓటర్లు. 'అ' అనే ఆల్బమ్ ఉంది, కొందరికి పిచ్చి, కొందరికి పడదు. నలుగురు దానికి ముప్పై చొప్పున వేశారు. మిగతా ఆరుగురు దాని మొహం చూడలేదు. నాలుగు ముప్పైలు నూట ఇరవై. 'ఆ' అనే ఆల్బమ్ ఉంది. అది ఎవరికీ ప్రాణం కాదు, ఎవరికీ చేదు కాదు. పదిమందీ తలా పదమూడు వేశారు. నూట ముప్పై. గెలిచింది ఏది? 'ఆ'. మరునాడు పత్రికలో పెద్ద అక్షరాల్లో: ఈ ఏటి మేటి ఆల్బమ్ 'ఆ'. ఆ పదిమందిలో ఒక్కరికి కూడా అది మొదటి ఇష్టం కాదు!

ఇవే చీటీలు ఇంకోలా లెక్కపెడదాం. ఎవరి చీటీలో ఏది అన్నిటికంటే పైన ఉందో అదొక్కటే చూద్దాం. 'అ'కు నాలుగు వచ్చాయి. మిగిలిన ఆరుగురికి ఆరు వేరువేరు ఇష్టాలు, వాటికి ఒక్కొక్కటి. 'ఆ'కు సున్నా. పట్టిక తలకిందులైంది. చీటీలు మారలేదు, మనుషులు మారలేదు, పాటలూ మారలేదు.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఆ ఆరుగురిలో ఒకాయన రాత్రి ఇంటికెళ్లి 'అ' మళ్లీ విని, పరవాలేదే అనుకుని పదిహేను వేశాడు. నూట ముప్పై అయిదు. అయిపోయింది, 'అ' గెలిచింది. ఒక మనిషి ఒక రాత్రి చేసిన పని అది. దాని మీద వేలమంది అభిమానులు నెలల తరబడి జుట్లు పట్టుకుంటారు.

అందుకే పిల్లలకు చెబుతుంటాను: పట్టికలో మొదటి స్థానం చూసి ఇది అన్నిటికంటే గొప్పదట అని మండిపడకండి. చాలాసార్లు అది ఎక్కువమంది ఇష్టపడినది కాదు, తక్కువమంది కాదన్నది. పెళ్లి భోజనంలో పప్పులాగా. పప్పు కోసం ఎవరూ పెళ్లికి వెళ్లరు, విస్తరిలో పప్పు వదిలేసేవారూ ఉండరు. (నవ్వులు)

ఇప్పుడు ఒక నిజమైన తగువు. రేడియోహెడ్ అని ఇంగ్లండు బృందం. 1997లో 'ఓకే కంప్యూటర్' చేసి ఆకాశానికెక్కారు. గిటార్లతో మళ్లీ అలాంటిదే చేస్తారని అందరూ ఎదురుచూస్తుంటే 2000 అక్టోబరులో 'కిడ్ ఎ' ఇచ్చారు. గిటార్లు వెనక్కి వెళ్లాయి, యంత్రాల ధ్వనులు ముందుకొచ్చాయి. అమ్మకం కోసం విడిగా ఒక్క పాట కూడా వదలలేదు.

మా అబ్బాయి ఆ సీడీ తెచ్చాడు. పెట్టాడు. మొదటి పాటలో కీబోర్డు మీద మెల్లగా ఏదో వస్తోంది, బాగానే ఉంది. ఇంతలో గాయకుడి గొంతు ముక్కలు ముక్కలై, వెనక్కీ ముందుకీ తిరగడం మొదలైంది. సీడీ గీసుకుపోయిందనుకుని లేచి, దాన్ని బయటికి తీసి, కండువా అంచుతో మధ్యలోంచి బయటికి తుడిచి మళ్లీ పెట్టాను. అదే గొంతు, అవే ముక్కలు. మావాడు కిందపడి నవ్వాడు. పాటే అలా ఉందన్నాడు. నాకు ఆ ఆల్బమ్ చెవికెక్కడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు మీరు అడిగితే ఆ మొదటి పాట నాకు తెల్లవారుజామున వినే పాట.

అప్పటి విమర్శకులూ రెండుగా చీలారు. పిచ్‌ఫోర్క్ అనే ఇంటర్నెట్ పత్రిక పదికి పది వేసింది. న్యూయార్కర్ పత్రికలో నవలాకారుడు నిక్ హార్న్‌బీ పెదవి విరిచారు. ఇంగ్లండులో మెలొడీ మేకర్ పత్రిక సమీక్షకుడు అయిదింటికి ఒకటిన్నర చుక్కలు వేసి పంపించారు. తొమ్మిదేళ్లు గడిచాయి. 2009లో దశాబ్దపు పట్టికలు వచ్చాయి. పిచ్‌ఫోర్క్ మొదటి స్థానం 'కిడ్ ఎ'. రోలింగ్ స్టోన్ మొదటి స్థానం 'కిడ్ ఎ'. ఇంగ్లండులో ఎన్ఎంఈ పత్రిక మాత్రం ది స్ట్రోక్స్ బృందపు 'ఈజ్ దిస్ ఇట్' అంది.

అభిమానుల గోల ఊహించండి. హిప్‌హాప్ వినేవాళ్లు, మా దశాబ్దం ఎక్కడ అన్నారు. రేడియోహెడ్ అభిమానుల్లోనే ఒక వర్గం, అది కాదు, 2007లో వచ్చిన 'ఇన్ రెయిన్‌బోస్' అంది. ఇలాంటి ఇంటిపోరు భలే ఉంటుంది. పొరుగువాడితో తగువు అయిదు నిమిషాల్లో అయిపోతుంది, సొంత బృందంలో తగువు తరాల తరబడి సాగుతుంది.

సరే, విమర్శకులను పక్కన పెట్టి పాఠకులనే అడిగితే? అదీ జరిగింది. 2012లో పిచ్‌ఫోర్క్ తన పాఠకులను 1996 నుంచి 2011 వరకు వచ్చిన ఆల్బమ్‌లకు ఓటు వేయమంది. వేలమంది వేశారు. వచ్చిన ఫలితం? మొదటిది 'ఓకే కంప్యూటర్', రెండోది 'కిడ్ ఎ'. ఇన్నాళ్లూ విమర్శకులకు చెవులు లేవన్నవారు తీరా కలం చేతికొస్తే విమర్శకుల జవాబే రాశారు! ఏళ్ల తరబడి అదే పత్రిక చదివినవారి చెవి అదే పత్రికలా తయారవదా? ఇంకొకటి కూడా ఉంది. ఓటు వేసినవారిలో 88 శాతం మగవారే అని ఆ పత్రికే లెక్క చెప్పింది. నూటికి పన్నెండుమంది ఆడవారున్న ఓటింగును ప్రజల తీర్పు అనడానికి నాకు నోరు రాదు.

ఓటర్లు మారితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ ఉంది. అమెరికా గాయని లారిన్ హిల్ 1998లో 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్' చేసింది. రోలింగ్ స్టోన్ అన్ని కాలాల అయిదు వందల ఆల్బమ్‌ల పట్టికలో 2012 నాటికి దాని స్థానం 314. 2020లో పత్రిక పాత లెక్కలు పక్కన పెట్టి, కొత్తవారిని పిలిచి, మొదటినుంచి ఓట్లు వేయించింది. ఈసారి స్థానం 10. అదే పట్టికలో అంతకుముందు మొదటి స్థానంలో ఉన్న బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' 24కి దిగింది, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' మొదటికి వచ్చింది. ఎనిమిదేళ్లలో లారిన్ హిల్ ఆ ఆల్బమ్‌లో ఒక్క స్వరం మార్చలేదు. గదిలో కూర్చున్నవారు మారారు, అంతే.

పిచ్‌ఫోర్క్ కూడా తన పట్టికలను తానే కొట్టివేసుకుంది. 1999లో తొంభైల మేటి మై బ్లడీ వాలెంటైన్ బృందపు 'లవ్‌లెస్' అంది, నాలుగేళ్లకే 'ఓకే కంప్యూటర్' అంది. ఎనభైలకు 2002లో సోనిక్ యూత్ బృందపు 'డేడ్రీమ్ నేషన్' అంది, 2018లో 'పర్పుల్ రెయిన్' అంది. 2021లో ఏకంగా పాత మార్కులు దిద్దింది. డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ'కి 2001లో వేసిన 6.4ను 10 చేసింది. లిజ్ ఫేర్ ఆల్బమ్‌కు వేసిన సున్నాను 6 చేసింది. కొందరు అభిమానులు దీన్ని పిరికితనం అన్నారు. నేను అలా అనను. పరీక్ష పేపర్లు దిద్దినవాడిగా చెబుతున్నాను, సున్నా వేసిన పేపరును ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ తెరవడానికి ధైర్యం కావాలి. నేను తెరవలేదు. తెరిస్తే ఎంతమందికి బాకీ పడతానో.

ఏదైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక యువతి: మాస్టారూ, ఇప్పుడు అందరం ఫోనులో ఒక్కో పాటే వింటున్నాం కదా. ఇంకా ఆల్బమ్ అనే మాటకు అర్థం ఉందా?)

బాగుందమ్మా. నిజానికి మనం ఎప్పుడూ అలాగే విన్నాం. మా చిన్నప్పుడు ఊళ్లో రికార్డింగ్ సెంటరు ఉండేది. నోటుపుస్తకం కాగితం మీద పాటల జాబితా రాసుకుని వెళ్లేవాళ్లం, ఖాళీ క్యాసెట్ కొంటే అందులో ఎక్కించి ఇచ్చేవారు. అరవై నిమిషాలదైతే ఒక్కో సైడుకు ఆరేడు పాటలు. షాపతను సమయం లెక్క సరిగా చూసుకోకపోతే ఆఖరి పాట రెండో చరణంలో టక్కున తెగిపోయేది. మా ఇంట్లో ఒక క్యాసెట్ అలాగే ముప్పయ్యేళ్లు ఉంది. ఆ పాట ఇప్పుడు రేడియోలో పూర్తిగా వచ్చినా, ఆ చోటికి రాగానే నేను ఆగిపోతాను. నువ్వు ఫోనులో చేస్తున్నది మేము ఆ కాగితం మీద చేసిందే. ఆల్బమ్ అంటే మాకు సినిమా పేరు. ఒక సంగీత దర్శకుడు అయిదారు పాటలను ఒకదానికొకటి పొసిగేలా పేర్చాడా లేదా అని అడిగే అలవాటు మనకు తక్కువ. అందుకే ఇవాళ ఈ చీటీలు.

ఇప్పుడు రాయండి. తొంభైల తెలుగు సినిమా ఆల్బమ్‌లు, 1990 నుంచి 1999 వరకు, థియేటరులో విడుదలైన తేదీయే లెక్క. పది పేర్లు, వంద పాయింట్లు, ముప్పైకి మించకూడదు, అయిదుకు తగ్గకూడదు. ఒక్క పాట బాగుందని పాయింట్లు వేయకండి, మొత్తం ఆల్బమ్‌కు వేయండి.

(ఒకరు: 'రోజా' రాయొచ్చా? అది డబ్బింగ్ కదా.)

వచ్చింది. ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. 1992 సినిమా. రెహమాన్ బాణీలు తమిళానికి కట్టినవి, తెలుగు మాటలు రాజశ్రీ గారివి. టైమ్ పత్రిక 2005లో మేటి సినిమా సంగీతాల పట్టిక వేస్తే అందులో చోటు దొరికింది. మన ఇళ్లలో మాత్రం అది తెలుగులోనే మోగింది. బాణీ పుట్టిన భాష చూడాలా, మనం విన్న భాష చూడాలా?

(సభలో: తెలుగే! — కాదు, అలాగైతే 'బొంబాయి' కూడా వస్తుంది! — వస్తే రానివ్వండి! — మరి కీరవాణి 'అన్నమయ్య' ఏం కావాలి?)

ఆగండి, ఆగండి. ఒక్కసారి చేతులెత్తండి. డబ్బింగ్ కలపాలన్నవారు... సరే. వద్దన్నవారు... దాదాపు సగం సగం. అయితే ఒక పని చేద్దాం. మీకు నచ్చినట్టు రాయండి. డబ్బింగ్ కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి, రెండు లెక్కలూ కడతాను. రెండు పట్టికలూ వచ్చే ఆదివారం ఆ తలుపు పక్కన అంటిస్తాను, మధ్యలో నిలబడి ఎవరు ఎవరి మీద అరవాలో మీరే తేల్చుకోండి.

చీటీలు ఇటు పంపండి. పేర్లు రాయనక్కరలేదు. కూడిక సరిచూసుకోండి, వంద దాటితే చెల్లదు. బావగారూ, మీరు జేబులో పెట్టుకున్నది కూడా తీయండి. ఒకే ఆల్బమ్‌కు వంద వేసి ఉంటారని నాకు తెలుసు.